కొండవాలు జీడితోటలో వాననీరు, పైమట్టి పోకుండా ఎలా ఆపుకోవాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్ వైపు కొండవాలు ఎర్రమట్టిలో జీడితోటలున్న మనవాళ్ళు నీళ్ళు లేవు నీళ్ళు లేవు అంటారు గానీ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడే వాన తక్కువేం కాదండి, అదంతా పైమట్టిని కూడా లాక్కుని గెడ్డలో (వాగులో) కలిసిపోతోంది, తీరా జనవరిలో పూత మీదున్నప్పుడు చెట్టు కింద తడి ఉండదు. అందుకే బోరు సంగతి తర్వాత, ముందు వాలు సంగతి చూద్దాం.

పిక్కలు (జీడిగింజలు) ఏరడం అయిపోయాక మే నెలలో ఒక వాన పడి నేల మెత్తబడగానే పని మొదలెట్టండి. చెట్టు చుట్టూ ఆరున్నర అడుగుల దూరం వరకు, ఎగువ వైపు మట్టి కొంచెం చెక్కి దిగువ వైపు వేసి చదును చెయ్యాలి, దిగువ అంచున అర్ధచంద్రంలా గట్టు కట్టాలి. చెక్కేటప్పుడు వేర్లు తెగకుండా పైపైనే పోవాలి, జీడికి తిండి లాగే సన్నవేర్లు పైనే ఉంటాయి, ట్రాక్టర్‌తో లోతుగా దున్నించొద్దని చెప్పేది కూడా అందుకే.

తర్వాత ఆ చదును దాటి ఎగువన, వాలుకి అడ్డంగా ఒక గొయ్యి తవ్వండి: పొడవు 2 మీటర్లు, వెడల్పు అడుగు, లోతు అడుగున్నర. పైనుంచి ఉరికొచ్చే నీళ్ళు అందులో పడి, నెమ్మదిగా వేర్ల వైపు ఇంకుతాయి. మొదటి పెద్ద వాన పడ్డాక గొడుగేసుకుని అయినా వెళ్ళి చూడండి, మొదలు దగ్గర నీళ్ళు నిలబడిపోతుంటే గట్టుకి ఒక పక్క దారి ఇచ్చేయాలి, జీడి ఎండకి ఓర్చుకుంటుంది గానీ నిలవనీటికి ఓర్చుకోదు.

ఎరువు సంగతి. ఐదేళ్ళు దాటిన చెట్టుకి ఏడాదికి గెత్తం (పశువుల ఎరువు) కాక సుమారు 1.1 కిలోల యూరియా, 780 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్, 210 గ్రాముల పొటాష్ పడుతుంది, సగం జూన్-జూలైలో, మిగతా సగం సెప్టెంబర్-అక్టోబర్‌లో. చెట్టు మొదలు దగ్గర పోయొద్దు, ఐదడుగుల దూరంలో చుట్టూ అర అడుగు లోతు కాలువ తీసి వేసి మట్టి కప్పండి. జోరువానలో మాత్రం వెయ్యొద్దు, డబ్బులు గెడ్డలో పోసినట్టే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట, ఆకు తగలబెట్టకండి! పిక్కలు కనబడాలని ఊడ్చి నిప్పు పెట్టేస్తారు, చూస్తే నిజంగా కడుపు తరుక్కుపోతుంది. ఊడ్చిన ఆకు, కొట్టిన తుప్పలు వరసల మధ్య పోగేసి, ఏరడం అయ్యాక మళ్ళీ చెట్టు కింద పరిచేయండి. నమ్మకం లేకపోతే వానలు ఆగిన నెలకి ఆ ఆకు పక్కకి తీసి వేలు పెట్టి చూడండి, మట్టి నల్లగా చల్లగా చేతికి అంటుకుంటుంది, సన్నటి తెల్లవేర్లు ఆకులోకే పాకి ఉంటాయి, అదే రెండడుగుల అవతల బోడినేల గోరు కూడా దిగదు.

నీళ్ళు దొరికేవాళ్ళు పూత మొదలయ్యాక, జనవరి నుంచి మార్చి దాకా 15 రోజులకోసారి చెట్టుకి 200 లీటర్లు ఇస్తే దిగుబడి పెరుగుతుంది. ఎకరాకి 80 చెట్లనుకుంటే తడికి 16,000 లీటర్లండి, ట్యాంకర్‌తో అందరికీ అయ్యే పని కాదు, అన్నిటికీ కుదరకపోతే బాగా కాసే చెట్లకైనా ఇవ్వండి, అదీ ఆకు కప్పిన చోటే.

గోతులు ఏటా పూడిపోతుంటాయి. మే వచ్చేసరికి అందులో చేరిన ఒండ్రు తీసి, మళ్ళీ అదే చెట్టు కింద వేసుకోండి.