సుడిగాలి ఊరు దాటిన దారిని నమోదు చేయడం ఎలా

పంజాబ్‌లోని ఫాజిల్కా జిల్లా బకైన్‌వాలా గ్రామం మీదుగా 2023 మార్చి 24న టోర్నడో వెళ్లింది. ఇళ్లు దెబ్బతిన్నాయి, కిన్నో అనే నారింజ జాతి పండ్ల తోటల్లో చెట్లు నేలకొరిగాయి. ఎండాకాలం చేలలో దుమ్ము లేపే చిన్న సుడి వేరు. ఇక్కడ చెబుతున్నది ఉరుముల మేఘం అడుగు నుంచి నేల దాకా దిగే సుడిగాలి. అది బలహీనమైనదైతే ఆనవాళ్లు ఎక్కువ రోజులు నిలవవు. దారికి అడ్డం పడిన చెట్టును సాయంత్రానికే నరికేస్తారు, ఎగిరిన రేకులను మర్నాడు పోగు చేస్తారు. అలా చేయక తప్పదు కూడా. అందుకే, గాయపడినవారికి సాయం అంది, తెగిన తీగల్లో కరెంటు లేదని విద్యుత్ సిబ్బంది చెప్పిన వెంటనే నమోదు మొదలుపెట్టాలి.

మొదట చూడవలసింది ఎంత నష్టం జరిగిందని కాదు, ఏది ఏ దిక్కుకు పడిందని. పడిన ప్రతి చెట్టు మొదలు దగ్గర నిలబడి, కొన వైపు తిరిగి, ఫోన్‌లోని దిక్సూచి చూపే దిక్కును స్థలం వివరాలతో పాటు రాసుకోవాలి. వాటిని గ్రామ పటం మీద బాణాలుగా గీస్తే, సుడిగాలి దారిలో అవి రెండు వైపుల నుంచి మధ్య గీత వైపు వాలినట్టు కనిపిస్తాయి. మేఘం నుంచి కిందికి దూకి నేలను తాకిన గాలి అయితే విసనకర్ర పుల్లల్లా బయటికి విచ్చుకుంటాయి. ఈ తేడాను లోకానికి వివరించినవాడు వాతావరణ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా. తెలుగు జిల్లాల్లో మామిడి కాయ మీద ఉన్న రోజుల్లో తోటలను దెబ్బతీసే ఈదురుగాలి చాలావరకు ఈ రెండో రకమే కాబట్టి, బాణాలు గీయకుండా సుడిగాలి అని తీర్మానించకూడదు.

ఒక చిక్కు ఉంది. ఉత్తరార్ధగోళంలో సుడిగాలి సాధారణంగా గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది గనుక, అది సాగే వైపుకు ముఖం పెట్టి నిలబడితే కుడి పక్కన తిరిగే గాలికి ముందుకు సాగే వేగం కూడా తోడవుతుంది. బలహీనమైన సుడి వేగంగా కదిలితే ఎడమ పక్కన చెట్లు దాదాపు పడకపోవచ్చు. అప్పుడు నష్టపు పట్టీ నడిమధ్య సుడి కేంద్రం అనుకోవడం పొరపాటు.

తీవ్రతకు అమెరికాలో 2007 ఫిబ్రవరి 1 నుంచి మెరుగుపరచిన ఫుజిటా కొలమానం (ఈఎఫ్) వాడుతున్నారు. అందులో 28 రకాల కట్టడాలు, చెట్లు సూచికలుగా ఉన్నాయి. అన్నిటికంటే తక్కువ మెట్టు ఈఎఫ్0 అంటే గాలి వేగం సుమారు గంటకు 105 నుంచి 137 కిలోమీటర్లు, ఈఎఫ్1 అంటే 138 నుంచి 177. ఇవి నష్టాన్ని చూసి వేసిన అంచనాలే, కొలిచిన వేగాలు కావు. గట్టి కలప చెట్టు వేళ్లతో లేస్తే సుమారు 146, మాను మధ్యకు విరిగితే 177 కిలోమీటర్లు మామూలు అంచనా.

అయితే విరిగిన చోట చేయి పెట్టి చూడాలి. లోపల పిండిలా రాలితే ఆ మానును చెద ఎప్పుడో తినేసింది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. పశువుల పాక రేకు కూడా అంతే: బోల్టు చుట్టూ రేకు చిరిగి, బోల్టు దూలానికే మిగిలి ఉంటే గాలి బలంగా లాగినట్టు, తుప్పుపట్టిన మేకు నునుపుగా ఊడివస్తే ఆ కప్పు కొద్దిపాటి గాలికే లేచేది. ఎగిరిన రేకు ఎంత దూరం పోయిందన్నది నా లెక్కలో తక్కువ విలువైన సాక్ష్యం, ఎందుకంటే పలుచని రేకు గాలిలో తేలుతూ పోగలదు.

ఊళ్ల మధ్య ఖాళీ పొలాల్లో ఆనవాలు తెగిపోతుంది. అంతమాత్రాన సుడి పైకి లేచిందని రాయకూడదు. అక్కడ విరగడానికి ఏమీ లేకపోవచ్చు. పైరు పడుకున్న తీరును డ్రోన్‌తో గానీ, ఎత్తైన మేడ మీద నుంచి గానీ చూడాలి. సూచికలేవీ దొరకని సుడిగాలికి అమెరికా వాతావరణ శాఖ తీవ్రత తెలియదనే గుర్తునే ఇస్తుంది, ఊహించి అంకె వేయదు.

చివరికి మొదటి ఆనవాలు నుంచి చివరి ఆనవాలు దాకా పొడవు, అన్నిటికంటే వెడల్పైన చోట వెడల్పు, కరెంటు పోయిన సమయం, సీసీ కెమెరాలో నమోదైన సమయం రాయాలి. ప్రతి ఫోటో పక్కన అది తీసిన చోటు, ముఖం పెట్టిన దిక్కు ఉండాలి.