నగరానికి జ్ఞాపకాల పటం తయారుచేయడం ఎలా

దారుల పేర్లు, దూరాలు చూపే మామూలు పటం నగరంలో ఏది ఎక్కడ ఉందో చెబుతుంది గాని, అక్కడ ఎవరికి ఏం జరిగిందో చెప్పదు. ఆ రెండో సంగతిని పటం మీదికి ఎక్కించాలనుకునేవారు సాధారణంగా ఏ యాప్ వాడాలా అని ముందుగా వెతుకుతారు. అది చిట్టచివర తేల్చుకోవలసిన విషయం. మొదట తేల్చుకోవలసింది ఎంత మేర తీసుకోవాలన్నది. నగరమంతటినీ ఒకేసారి చేపడితే అక్కడొకటి ఇక్కడొకటిగా నాలుగు చుక్కలు మిగులుతాయి కాబట్టి, ఒక పూటలో నడిచి రాగలిగిన పేటను గాని, ఒకే వీధిని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గాని తీసుకోవడం మేలు. ఒకే చోటు గురించి ముగ్గురు నలుగురు వేర్వేరుగా చెప్పినప్పుడే పటం చిక్కబడుతుంది.

కథ చెప్పేవారి ముందు మొదటే అచ్చు పటం పెట్టకండి. దాన్ని చూడగానే మనిషి తన జ్ఞాపకాన్ని దానికి సరిపెట్టుకోవడం మొదలుపెడతాడు. తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి, తాము తిరిగిన చోట్లను తోచినట్టు గీయమనండి. నగర ప్రణాళికా నిపుణుడు కెవిన్ లించ్ అమెరికాలోని బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజలెస్ నగరాల వాసుల చేత ఇలాగే గీయించి, మాట్లాడించి, మనుషులు నగరాన్ని దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, ఆనవాళ్లు అనే అయిదు రకాలుగా మనసులో నిలుపుకుంటారని 1960లో ప్రచురించిన అధ్యయనంలో వివరించాడు. చేతిలోకి వచ్చిన కాగితాన్ని ఈ అయిదూ గుర్తుపెట్టుకుని పరిశీలించండి. దేన్ని ఉన్నదానికంటే పెద్దగా గీశారు, దారి ఎక్కడ తెగిపోయింది, రైలు పట్టాలకు అవతలివైపు ఎందుకు ఖాళీగా వదిలేశారు అన్నవే మీరు తరువాత అడగవలసిన ప్రశ్నలు.

ఆపైన, కథకులకు ఓపిక ఉంటే, వారితో కలిసి నడవండి. కూర్చోబెట్టి అడిగితే రాని సంగతులు మలుపు తిరగగానే వస్తాయి. ‘ఈ పేట గురించి చెప్పండి’ అంటే ఎవరైనా సభలో మాట్లాడినట్టే మాట్లాడతారు. ‘బడి నుంచి ఇంటికి ఏ దారిన వచ్చేవారు?’, ‘చీకటి పడ్డాక ఏ సందులోకి వెళ్లనిచ్చేవారు కాదు?’, ‘ఎవరి కంటా పడకూడదనుకుంటే ఎక్కడ కూర్చునేవారు?’ అని అడిగితే, జవాబు చెబుతూనే అటువైపు నడక సాగిస్తారు. వాహనాల రొదలో మాటలు మునిగిపోతాయి కనుక కాలరుకు తగిలించే మైకు వాడండి. ఆగిన ప్రతిచోటా ‘ఇప్పుడు పాత తపాలా కార్యాలయం ఎదురుగా నిలబడ్డాం’ అని మీరే పైకి చెప్పి రికార్డు చేయండి. లేకపోతే తరువాత వినేటప్పుడు ‘ఇదిగో, ఇక్కడే’ అన్న మాట ఏ చోటి గురించో తేలదు.

ఏ సంవత్సరంలో జరిగిందని నేరుగా అడగడం దాదాపు వృథా. వంతెన కట్టకముందా, మీకు ఉద్యోగం వచ్చాకా, పెద్దబ్బాయి పుట్టేనాటికా అని జీవిత ఘట్టాలతో ముడిపెట్టి అడగండి. వచ్చిన జవాబును ఒకే సంవత్సరంగా కాక, ‘ఇంతకు ముందు కాదు, ఇంత తరువాత కాదు’ అనే రెండు హద్దులుగా రాసుకోండి.

చెప్పిన తేదీ గాని, చోటు గాని రికార్డులతో సరిపోలకపోతే దిద్దాలనిపిస్తుంది. దిద్దకండి. ఇటలీలో టెర్ని అనే ఉక్కు పరిశ్రమ పట్టణంలో లుయీజి ట్రాస్తుల్లి అనే యువ కార్మికుడు 1949 మార్చిలో, నాటో కూటమిలో చేరడానికి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శన సందర్భంగా, పోలీసులతో ఘర్షణలో మరణించాడు. మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి దశాబ్దాల తరువాత అక్కడివారిని పలకరించినప్పుడు, కర్మాగారం నుంచి పెద్ద ఎత్తున కార్మికులను తొలగించిన 1953 నాటి ఘర్షణల్లో అతడు చనిపోయాడని చాలామంది చెప్పారు. తేదీ తప్పే, కాని ఆ పట్టణానికి అసలైన దెబ్బ ఎప్పుడు తగిలిందో ఆ తప్పే చూపిస్తుంది. అందుకే మీ పట్టికలో చెప్పిన తేదీకి ఒక గడి, దాఖలాలలోని తేదీకి మరో గడి ఉంచండి. ఇద్దరు మనుషులు ఒకే బావిని రెండు చోట్ల చూపిస్తే రెండు గుర్తులూ పెట్టండి.

పట్టికకు మామూలు స్ప్రెడ్‌షీటు చాలు, ఒక్కో కథకు ఒక్కో వరుస. ఉదాహరణకు ఒకామె, ‘సినిమాహాలు పక్క సందులో, వానొస్తే ఆ వరండా కిందే నిలబడేవాళ్లం, టిక్కెట్టు లేకుండానే పాటలన్నీ వినేసేవాళ్లం’ అన్నదనుకుందాం. ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టుగా ఒక గడిలోకి వెళ్లాలి. ఆ చోటికి ఆమె వాడిన పేరు, ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు, కాలపు రెండు హద్దులు, రికార్డింగులో ఆ మాట వచ్చిన నిమిషం వేర్వేరు గడుల్లో ఉండాలి. హాలు ఇప్పుడు లేకపోతే, చోటును ఎంత నమ్మకంగా గుర్తించారో కూడా రాయాలి. ఆపైన అది చుక్కా, గీతా, ప్రాంతమా అన్నది తేల్చాలి. వరండా చుక్క, బడికి నడిచిన దారి గీత, పాటలు వినిపించినంత మేరా ప్రాంతం, భయపడి అడుగుపెట్టని సందులన్నీ కూడా ప్రాంతమే. అన్నింటినీ చుక్కలు చేసేస్తే పటం శుభ్రంగానే కనిపిస్తుంది గాని సగం సంగతి జారిపోతుంది.

కూల్చేసిన కట్టడాల చోటు పట్టుకోవడానికి పాత పటాలు అక్కరకొస్తాయి. స్కాన్ చేసిన పటాన్ని క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటి పటం మీద కూర్చోబెట్టవచ్చు. అందుకు రెండింటిలోనూ మారకుండా ఉన్న వంతెన చివరలు, పాత కూడళ్లు వంటి చోట్లు కనీసం మూడు కావాలి. తేడా ఎంతుందో తెలియాలంటే ఇంకొన్ని, పటం నలుమూలలా పరుచుకునేలా ఎంచుకోవాలి.

గుర్తించిన చోటును కంప్యూటరుకు అక్షాంశ, రేఖాంశాల అంకెలతో చెప్పాలి. మనం మాటల్లో అక్షాంశం ముందు, రేఖాంశం తరువాత చెబుతాం. పటం మీది చోట్లను ఫైలుగా రాయడానికి 2016లో ప్రమాణంగా వెలువడిన జియోజేసన్ పద్ధతిలో రేఖాంశమే ముందు వస్తుంది. తారుమారైతే మీ వీధి ఏ సముద్రంలోనో తేలుతుంది. దశాంశ స్థానాలు అయిదు రాస్తే చోటు దాదాపు ఒక మీటరు వరకు, మూడు రాస్తే దాదాపు 110 మీటర్ల వరకు తెలుస్తుంది. అందరూ తిరిగే చోటుకు అయిదు రాసినా ఇబ్బంది లేదు. ఎవరైనా తమ ఇంట్లో పడిన బాధను చెప్పినప్పుడు మాత్రం మూడుకు తగ్గించండి, అదీ ఎక్కువే అనిపిస్తే పేట పేరుతో ఆపేయండి. అనుమతిని కథకు ముందే కాక, చెప్పడం ముగిశాక కూడా అడగాలి, ఎందుకంటే ఏం చెప్పబోతున్నారో చెప్పేవారికే ముందు తెలియదు. గొంతు వినిపించవచ్చా, పేరు పెట్టవచ్చా అన్నవి విడివిడిగా అడగవలసినవి.

ఇక ప్రచురణ. స్వచ్ఛందంగా అందరూ కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ప్రపంచ పటం ఆధారంగా నడిచే యూమ్యాప్ అనే వెబ్‌సైటులోకి మీ పట్టికను నేరుగా ఎక్కించవచ్చు; ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తయారుచేసినవారి పేరు మీ పటం కింద తప్పక ఉండాలి. తెర మీదే చూపాలని కూడా లేదు. టొరంటోలో 2003లో మొదలైన మర్మర్ అనే ప్రాజెక్టువారు చెవి ఆకారపు ఫలకాల మీద ఫోన్ నంబరు రాసి వీధుల్లో పెట్టారు. కథ జరిగిన చోటే నిలబడి ఫోన్ చేసి వినవచ్చు.

బయటివారు నేరుగా కథలు చేర్చే వీలు కల్పిస్తే, ఎవరో ఒకరు చదివాకే అవి పటం మీదికి రావాలి. మాంట్రియల్‌లో 2017లో మొదలైన, క్వియర్ (ఎల్‌జీబీటీ) వ్యక్తులు తమ జ్ఞాపకాలను చేర్చే క్వీరింగ్ ద మ్యాప్ అనే వెబ్ పటంలోకి 2018 ఫిబ్రవరిలో ఎవరో హానికరమైన కోడ్ చొప్పించడంతో దాన్ని కొంతకాలం ఆపవలసి వచ్చింది. తిరిగి తెరిచాక వచ్చిన కథలను పరిశీలించే ఏర్పాటు చేశారు. మీది చిన్న పటమే కావచ్చు, అయినా మూల రికార్డింగులను, పట్టికను వెబ్‌సైటు మీద ఆధారపడకుండా రెండు వేర్వేరు చోట్ల దాచి, ఎవరి రికార్డింగు ప్రతిని వారికి అందజేయండి.