మౌల్డ్ నిండక షార్ట్ వస్తే హీటర్ జోలికి ముందే వెళ్లకండి

గాజువాక ఆటోనగర్‌లో మా ఇంజెక్షన్ మౌల్డింగ్ మెషిన్ (ప్లాస్టిక్‌ని కరిగించి స్క్రూతో అచ్చులోకి నెట్టేది) మీదికి కొత్తగా వచ్చే కుర్రాళ్లందరిదీ ఒకటే అలవాటు. మౌల్డ్ (అచ్చు) పూర్తిగా నిండక షార్ట్, అంటే అసంపూర్తి ముక్క, వచ్చిందంటే చెయ్యి టెంపరేచర్ మీదికే పోతుంది. అది ఆఖరి అస్త్రం తమ్ముడూ. ముందు హాపర్‌లో (సరుకు పోసే గరాటులో) ఏం కలిపామో చూడు.

పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) బస్తా మీద ఉండే ఎం.ఎఫ్.ఐ. (మెల్ట్ ఫ్లో ఇండెక్స్) అంటే, పీపీని 230 డిగ్రీల్లో కరిగించి 2.16 కిలోల బరువు పెడితే సన్నటి రంధ్రంలోంచి 10 నిమిషాల్లో ఎన్ని గ్రాములు కారుతుందన్న లెక్క. పాలిథీన్‌ని సాధారణంగా 190లో కొలుస్తారు, కాబట్టి ఆ రెండు నంబర్లనీ పోల్చకూడదు. ఎం.ఎఫ్.ఐ. 3 ఉన్న పీపీ, 12 ఉన్న పీపీ సగం సగం కలిపితే 7.5 వస్తుందనుకుంటాం. రాదు. రెండూ గుణించి వర్గమూలం తియ్యి, సుమారు 6. పాళ్లు వేరైతే లాగరిథం లెక్క, ఫోన్‌లోనే అయిపోతుంది. రీగ్రైండ్ (వృథా ప్లాస్టిక్‌ని ముక్కలు చేసి మళ్లీ వాడే సరుకు) కలిపితే మాత్రం బస్తా నంబరును నమ్మొద్దు. కరిగిన ప్రతిసారీ పీపీ గొలుసులు కొన్ని తెగుతాయి, ఎం.ఎఫ్.ఐ. పెరుగుతుంది. కలిపిన సరుకునే టెస్ట్‌కి పంపు.

ఇంకో సంగతి. ఆ టెస్ట్‌లో సరుకు నెమ్మదిగా కారుతుంది, మెషిన్‌లో మాత్రం మౌల్డ్‌లోకి దూసుకెళ్తుంది. వేగం పెరిగేకొద్దీ కరిగిన ప్లాస్టిక్ పలచబడుతుంది. అందుకే షార్ట్ వస్తే ముందు ఇంజెక్షన్ స్పీడ్ కొంచెం కొంచెంగా పెంచి చూడు.

అసలు తలనొప్పి రీగ్రైండ్‌లో హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథీన్) మూతలు గానీ, డబ్బాల ముక్కలు గానీ కలిసిపోయినప్పుడు. పీపీలో అది కలవదు, బొట్లు బొట్లుగా ఉండిపోతుంది. బొట్టు చుట్టూ ఉన్న పీపీ కంటే దాదాపు 4 రెట్లు చిక్కగా ఉంటే, స్క్రూ ఎంత తిప్పినా మామూలు రాపిడికి చిట్లదు. గాలి ఊది డబ్బాలు చేసే గ్రేడ్ హెచ్‌డీపీఈ అలాంటిదే. ఇక్కడ టెంపరేచర్ పెంచితే పని చెడుతుంది! వేడికి పీపీ ఎక్కువ పలచబడుతుంది, హెచ్‌డీపీఈ అంతగా పలచబడదు, తేడా ఇంకా పెరుగుతుంది. బ్యాక్ ప్రెషర్ (స్క్రూ వెనక్కి జరిగేటప్పుడు దానికి ఎదురుగా పెట్టే ఒత్తిడి) కొద్దిగా పెంచు, మౌల్డ్ నిండుతున్నంత వరకు టెంపరేచర్ తగ్గించు. తయారైన ముక్కని గేటు (ప్లాస్టిక్ మౌల్డ్‌లోకి దూరే చోటు) దగ్గర వంచి చూడు. పొర ఊడి వస్తే ఆ లాట్ పక్కన పెట్టి, హెచ్‌డీపీఈని ఏరించు.

మన విశాఖ వానల్లో ముక్క మీద వెండి చారలు కనిపిస్తే అది ఫ్లో గొడవ కాకపోవచ్చు. పీపీ నీళ్లు పీల్చదు గానీ రీగ్రైండ్‌కి పైపైన చెమ్మ పడుతుంది. హాపర్ డ్రయ్యర్‌లో 80 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో ఆరబెట్టి, ఆ తర్వాతే సెట్టింగ్‌లు ముట్టుకో.