పాత తారు కలిపిన మిశ్రమంలో వేడి లెక్క

మిల్లింగ్ యంత్రంతో గీకి తీసిన పాత రోడ్డు సరుకును కొత్త కంకర, కొత్త తారుతో కలిపి మళ్లీ రోడ్డుకు వాడతారు. ఆ పాత సరుకులోని తారు ఏళ్ల తరబడి ఎండకూ గాలికీ ఆక్సీకరణం చెంది గట్టిపడి ఉంటుంది. వీజీ-30 అనే రకం కొత్త తారు మెత్తబడే ఉష్ణోగ్రత కనీసం 47 డిగ్రీల సెల్సియస్ ఉంటే చాలునని తారుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 73 చెబుతుంది. పాతది అంతకంటే ఎక్కువ వేడికి గాని మెత్తబడదు. అలాగని బర్నర్ మంట నేరుగా తగలనిస్తే అది కరగడం మాని మాడుతుంది, పొగగొట్టం నుంచి నీలిపొగ వస్తుంది. కాబట్టి వేడిని కొత్త కంకర చేతనే మోయించాలి.

లెక్క సులువే. 100 కిలోల మిశ్రమంలో 20 కిలోలు పాత సరుకు, దాని వేడి 30 డిగ్రీలు, మనకు కావలసింది 155 అనుకుంటే, మిగతా 80 కిలోల కంకరను దాదాపు 186 డిగ్రీలకు కాచాలి. అయితే ఇది పొడి సరుకు మాట. పాత సరుకులో 3 శాతం తేమ ఉంటే ఆ నీటిని ఆవిరి చేయడానికే కంకర వేడి మరో 20 డిగ్రీలు పెరగాలి. వానాకాలంలో కుప్పను రేకుల షెడ్డు కింద ఉంచమనడం అందుకే. డీజిల్ ఖర్చు చూసుకున్నా షెడ్డే చవక.

మిశ్రమం బయటికి రాగానే ఒక పాత ముద్దను గరిటెతో తీసి విరిచి చూడండి. పైన నల్లగా నిగనిగలాడుతూ లోపల బూడిదరంగు పొడి కనిపిస్తే, పాత తారు కరగలేదు, కొత్తదానితో కలవలేదు. అప్పుడు మంట పెంచడం కన్నా కలిపే సమయం పెంచడం, పాత సరుకును ముందే జల్లించి పెద్ద ముద్దలు తీసేయడం మేలు.

పాత తారు వల్ల మండు వేసవిలో చక్రాల గాళ్లు పడతాయని కొందరు భయపడతారు గాని, గట్టిపడిన తారు ఆ విషయంలో మేలే చేస్తుంది. అసలు చిక్కు పగుళ్లతో. అందుకే పాత సరుకు వాటా పెరిగినప్పుడు వీజీ-10 వంటి మెత్తని తారునో, గట్టిపడిన తారును మెత్తబరిచే పునరుజ్జీవన నూనెనో వాడతారు. నూనె మోతాదు మించితే మాత్రం గాళ్ల భయం నిజమవుతుంది. కలిపిన తారు స్నిగ్ధతను (చిక్కదనాన్ని) 60 డిగ్రీల వద్ద పరీక్షించి మోతాదు ఖరారు చేయాలి.

వీజీ-30 మిశ్రమాన్ని 140 డిగ్రీలకు తగ్గకుండా పరచి, 90కి పడిపోకముందే రోలింగ్ ముగించాలి. గట్టి తారు ఉన్నప్పుడు మిశ్రమాన్ని పరిచే యంత్రం (పేవర్) వెనకే రోలర్ నడవాలి. ఉష్ణమాపకం ముల్లును పొర మధ్యకు గుచ్చి చూడాలి. పైపొర ముందే చల్లారుతుంది కనుక దూరం నుంచి చూపే తుపాకీ పరికరం అసలు వేడిని తక్కువ చేసి చెబుతుంది.