గర్భస్రావానికి వెళ్లే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ముందుగా, చివరి నెలసరి మొదలైన తేదీని కాగితం మీద రాసుకోవాలి. వారాల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది, పద్ధతి ఆ లెక్కను బట్టే మారుతుంది. సాధారణంగా 9 వారాల లోపు మాత్రలతో, 12 వారాల వరకు వాక్యూమ్ పద్ధతిలో, అంటే సన్నని గొట్టంతో పీల్చి తీసే పద్ధతిలో చేస్తారు. చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక్క డాక్టర్ అభిప్రాయం చాలు. 18 ఏళ్లు నిండిన స్త్రీకి భర్త సంతకం అవసరం లేదు, అయినా అడిగేవారు ఉంటారు కనుక ఈ మాట గుర్తుంచుకోవాలి.

మందుల దుకాణంలో మాత్రలు నేరుగా కొని మింగకూడదు. గర్భం గర్భసంచిలో కాక పక్కనున్న ట్యూబులో నిలిచి ఉంటే అవి పనిచేయవు, ట్యూబు పగిలితే ప్రాణానికే ముప్పు. అందుకే డాక్టర్‌కు చూపించుకుని, స్కానింగ్‌తో పాటు హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు పరీక్షలు చేయించుకోవాలి. రక్తహీనత ఉన్నా, గర్భం రాకుండా వేయించుకున్న లూప్ లోపల ఉన్నా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా దాచకుండా చెప్పాలి.

మాత్రల పద్ధతిలో మొదటి మాత్ర వేసుకున్న 24 నుంచి 48 గంటలకు రెండో మందు వాడాక కడుపునొప్పి, నెలసరి కంటే ఎక్కువ రక్తస్రావం సహజమే. అయితే వరుసగా రెండు గంటలపాటు గంటకు రెండు ప్యాడ్లు పూర్తిగా తడిసినా, జ్వరం తగ్గకపోయినా, దుర్వాసన వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో ఉండేవారు ఆ రోజు ఒక తోడునూ, రాత్రికి బండినీ ముందే కుదుర్చుకోవాలి. 108కు ఫోన్ చేయడానికి మొహమాటపడకూడదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ సేవ ఉచితం. ప్రైవేటుకు వెళ్తే స్కానింగ్, పరీక్షలు, మందులు అన్నీ కలిపి ఎంతవుతుందో ముందే అడగాలి.

రెండు వారాలకు తిరిగి చూపించుకోవాలి. మళ్లీ గర్భం ఆలోపే నిలిచే వీలుంది కాబట్టి గర్భనిరోధక సాధనం గురించి మొదటి రోజే మాట్లాడుకోవాలి.