సంఘం పాడాలి: ఆదివారం ఆరాధన నడిపించడం, పిల్లల్ని వాద్యాల దగ్గరికి తీసుకురావడం

ఆరాధన బాగా సాగుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. రెండో పాట చివరి పల్లవి దగ్గర వాద్యాలన్నీ ఆపేయండి. పాట జోరు తగ్గకుండా సాగితే సంఘం, అంటే చర్చికి వచ్చిన జనం, పాడుతోందన్నమాట. గొంతులు ఉన్నట్టుండి పలచబడితే, అంతవరకూ పాడింది వేదిక ఒక్కటే. కీబోర్డ్, తబలా, గిటార్, రిథమ్ ప్యాడ్ అన్నీ సంఘం గొంతుకు ఆసరాగా ఉండాల్సినవే. పిల్లలకు వాద్యం నేర్పేటప్పుడు మొదటి రోజు నుంచీ ఈ మాట వాళ్ల చెవిన పడుతూ ఉండాలి.

పాటలు ఎంచడం

అరగంట ఆరాధనకు ఐదు పాటలు చాలు. మూడు చరణాల పాట పల్లవి తిప్పుకుంటూ పాడితే ఐదు నిమిషాలు పడుతుంది, మధ్యలో ప్రార్థన ఉంటుంది. ఆరో పాట పెట్టుకుంటే చివర్లో హడావుడి తప్పదు. గురువారానికల్లా పాస్టర్ గారిని అడిగి వాక్యభాగం తెలుసుకోండి. వాక్యానికి ముందు పాట దానికి దగ్గరగా ఉండేలా చూసుకోండి. ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇచ్చే ఆదివారమైతే సిలువ పాట ఒకటి విడిగా పెట్టుకోండి. బల్ల దగ్గరికి జనం వరుసగా వచ్చి వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో ముందుగా చెప్పలేం కాబట్టి, చరణాలు ఎక్కువున్న పాట అయితే మంచిది.

ఐదింటిలో ఒక్కటైనా పాత కీర్తన ఉండాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైనే రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పిల్లలకు అది చూపించండి. మన సంఘాలకు ఎంత సంగీతం వారసత్వంగా వచ్చిందో ఆ ఒక్క వరుస చూస్తే తెలుస్తుంది. అయితే ఒకే కీర్తనను ఒక్కో ఊళ్లో ఒక్కో బాణీలో పాడతారు. మీ సంఘంలో ఏ బాణీ నోళ్లలో నానిందో ముందు వరుసల్లో కూర్చునే పెద్ద ఆడవాళ్లను అడగండి, వాళ్లు పాడిందే ఆ సంఘానికి సరైన బాణీ.

కొత్త పాట నెలకు ఒకటి మించకూడదు. మొదటి వారం కానుకల సమయంలో క్వయర్ పాడి వినిపించాలి. తర్వాత వరసగా మూడు వారాలు సంఘంతో పాడించాలి. ఒక వారం పాడి రెండు నెలలు వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

శ్రుతి దగ్గరే సగం పాటలు చెడతాయి

యూట్యూబ్‌లో విన్న స్కేల్‌లోనే, అంటే ఆ శ్రుతిలోనే, పాట ఎత్తుకోవడం చాలా సంఘాల్లో జరిగే పొరపాటు. ఆ పాడినవారి గొంతు వేరు, ఆదివారం ఉదయం నిద్ర వదలని సంఘం గొంతు వేరు. స్కేల్‌ను పల్లవి చూసి కాదు, చరణం చూసి ఎంచాలి. మన పాటల్లో పల్లవి కింద నడిచి, చరణం పై షడ్జానికో (పై స) ఇంకా పైకో ఎక్కుతుంది. పల్లవి హాయిగా ఉందని మొదలుపెడితే, చరణంలో మగవాళ్లు సగం మంది నోరు మూసేస్తారు.

పద్ధతి ఇదీ. పాట మొత్తంలో ఎత్తయిన స్వరం ఏదో పాడి కనుక్కోండి. దాన్ని కీబోర్డ్ మీద పట్టుకోండి. ఆ స్వరం డి దాటకుండా పాటను కిందికి జరపండి. మామూలు మగగొంతుకు మధ్య సి పక్కనున్న డి వరకూ ఇబ్బంది ఉండదు, ఆడవాళ్లకు దాని పై స్థాయిలో డి. ఒక్క క్షణం తాకి దిగిపోయే స్వరమైతే ఇ వరకూ పర్వాలేదు. ఉదాహరణకు డి మేజర్‌లో ఎత్తుకున్న పాట చరణంలో పై గాంధారం (గ) తాకితే అది ఎఫ్ షార్ప్. దాన్ని డి దగ్గరికి తేవాలంటే నల్ల మెట్లతో సహా లెక్కపెట్టి నాలుగు మెట్లు దిగాలి, అంటే బి ఫ్లాట్‌లో ఎత్తుకోవాలి. అప్పుడు పల్లవి మరీ కిందికి పోతోందేమో కూడా చూడండి. మగవాళ్లకు కింది ఎ కంటే దిగితే మాటలు వినబడవు. రెండు చివర్లా ఇబ్బంది పెట్టే పాటలు కొన్ని ఉంటాయి. అవి ప్రత్యేక గీతంగా పాడుకోవడానికే బాగుంటాయి.

నొక్కే మెట్లు మార్చకుండానే శ్రుతిని పైకీ కిందికీ జరిపే ట్రాన్స్‌పోజ్ బటన్ గురించి గట్టిగానే చెప్పాలి. కీబోర్డ్ అబ్బాయి ట్రాన్స్‌పోజ్ +3 పెట్టుకుని సి మెట్లు నొక్కుతూ "సి లో వాయిస్తున్నా" అంటాడు. గిటార్ అబ్బాయి నిజంగానే సి పట్టుకుంటాడు. వినబడేది మాత్రం డి షార్ప్. పాట మొదలయ్యాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కాబట్టి చెప్పేది ఎప్పుడూ వినబడే స్కేల్ పేరే అయి ఉండాలి. ఇంకో చిక్కు కరెంటు. చాలా కీబోర్డుల్లో కరెంటు పోయి రాగానే ట్రాన్స్‌పోజ్ సున్నాకు వెళ్లిపోతుంది. అది చూసుకోకుండా చెయ్యి వేస్తే పాట మధ్యలో శ్రుతి మారిపోతుంది. కరెంటు వచ్చిన వెంటనే డిస్‌ప్లే చూసి, వాల్యూమ్ తగ్గించి ఒక్క మెట్టు నొక్కి విని, ఆ తర్వాతే పాటలో కలవాలి.

తబలా ఉన్న సంఘమైతే పాటల వరుసను కూడా శ్రుతిని బట్టే వేసుకోవాలి. కుడి తబలా డి కి కలిపి ఉంటే డి పాటలకు అది షడ్జం, జి పాటలకు పంచమం (ప). రెండింటికీ చక్కగా సరిపోతుంది. ఎ పాటలకు మధ్యమం (మ) అవుతుంది, ఫర్వాలేదు. డి షార్ప్ పాట వచ్చిందంటే ప్రతి దెబ్బా చెవిలో గుచ్చుకుంటుంది. ఆరాధన మధ్యలో సుత్తి పట్టుకుని తబలా కలుపుకోవడం కుదరదు కాబట్టి, ఆ పాటను ఒక మెట్టు దించి డి లో పాడటమే మేలు. వానాకాలంలో చర్మం చెమ్మ పీల్చుకుని వదులవుతుంది, శ్రుతి దిగుతుంది. శనివారం రాత్రి కలిపిన తబలాను ఆదివారం జనం రాకముందే మళ్లీ చూసుకోవాలి.

తాళం

కీబోర్డ్‌లో స్టైల్ (దానంతట అదే మోగే తాళం) మోగుతుండగా తబలానో ప్యాడో వాయించకండి. రెంటిలో ఒకటే ఉండాలి. స్టైల్ యంత్రం కాబట్టి సంఘం కోసం ఆగదు. సంఘం ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం నిదానిస్తే వాయించే మనిషి సర్దుకుంటాడు, స్టైల్ ముందుకు పోతుంది. వాయించేవాళ్లు ఎవరూ లేని రోజుకు స్టైల్ ఉంచుకోండి.

చప్పట్ల పాటల్లో ఇంకో సంగతి జరుగుతుంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదికకు 17 మీటర్ల వెనక కూర్చున్నవాళ్లకు మీ దెబ్బ సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా చేరుతుంది. వాళ్ల చప్పట్లు తిరిగి మీ దగ్గరికి రావడానికి మరో ఇరవయ్యో వంతు. మొత్తం పదో వంతు. ఆ చప్పట్లను పట్టుకుని వాయిస్తే పాట చరణం చరణానికీ బరువెక్కుతుంది. అందుకే తబలా, ప్యాడ్ వాయించేవాళ్లు చప్పట్లను వినకుండా పాడించేవారి పెదవుల్ని చూస్తూ వాయించాలి. పిల్లలు చేసేది దీనికి సరిగ్గా ఎదురు. ఉత్సాహం కొద్దీ వేగం పెంచేస్తారు. వేగం ఎక్కువైందనడానికి గుర్తు, చరణంలో మాటలు మింగేయడం.

బాణీ మధ్యలో వచ్చే వాద్య సంగీతాన్ని రికార్డింగ్‌లో ఉన్నంతా వాయించాలని కుర్రాళ్లకు ముచ్చట. వాళ్ల సాధన మెచ్చుకోదగిందే. కానీ నలభై సెకన్ల బిట్ మోగుతున్నంతసేపూ సంఘం ఖాళీగా నిలబడి ఉంటుంది. నాలుగు ఆవర్తాలకు, అంటే తాళం నాలుగు చుట్లకు, కుదించండి. చరణం ఎత్తుకోవడానికి శ్రుతి అందితే సరిపోతుంది.

మైకులు, సౌండ్ బాక్సులు

బాక్సులు ఎప్పుడూ మైకుల కంటే ముందు, జనం వైపు ఉండాలి. బాక్స్ పాడేవాళ్ల వెనక ఉండి మైకు వైపు తిరిగితే కూత (మైకు కీచుమనడం) తప్పదు. మైకు తలను గుప్పిట్లో మూసి పట్టుకునే అలవాటు పిల్లల్లో మొదటి రోజే మాన్పించండి. పాడటానికి వాడే మైకు వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తీసుకోకుండా దాని తలలో సందులు ఉంటాయి. అవి మూసుకుపోతే అన్ని వైపుల శబ్దం లోపలికి పోయి కూత మొదలవుతుంది. పెదవికీ మైకుకూ రెండు మూడు వేళ్ల దూరం చాలు. రేకుల కప్పున్న మందిరంలో ప్రతిధ్వని ముందే ఉంటుంది, మిక్సర్‌లో ఎకో పూర్తిగా తీసేయండి. బేస్ గిటార్ ఉన్నప్పుడు కీబోర్డ్ ఎడమ చెయ్యి మరీ కింది మెట్లలోకి దిగకూడదు. రెండూ కలిసి ఒకటే హోరు, పాట మాటలు అందులో మునిగిపోతాయి.

శనివారం సాధన

తొంభై నిమిషాలు చాలు. ప్రార్థన అయ్యాక మొదటి పావుగంట వాద్యాలు ముట్టుకోకుండా పాటల మాటలు చదవండి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్న తెలుగు పాట చూసి పాడతారు. అందులో ల, ళ ఒకటైపోతాయి, శ, ష, స కలిసిపోతాయి, ఒత్తులు ఎగిరిపోతాయి. ప్రతివాళ్లూ సొంత చేత్తో, తెలుగు అక్షరాల్లో, పుస్తకంలో రాసుకోవాలి. పాత కీర్తనల్లోని గ్రాంథిక మాటలకు అర్థం చెప్పండి. మనసుతోనూ పాడతానని బైబిల్లో పౌలు కొరింథీయులకు రాశాడు. అర్థం తెలియనిదే అది కుదరదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా అప్పుడే గుర్తు పెట్టించండి, మాట మధ్యలో విరగకూడదు.

తర్వాత ఇరవై నిమిషాలు చప్పట్లతో తాళం వేస్తూ పాడాలి. ఆ తర్వాతే వాద్యాలు. చివరి ఇరవై నిమిషాలు ఎత్తుగడలు, ముగింపులు మాత్రమే చూసుకోండి, ఎందుకంటే తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. చేతి సైగలు అందరికీ ఒకేలా తెలియాలి. వేళ్లు చూపితే ఆ నంబర్ చరణం, వేలు గుండ్రంగా తిప్పితే మళ్లీ పల్లవి, అరచెయ్యి కిందికి దించితే మెల్లగా, పిడికిలి బిగిస్తే ఆపు.

పిల్లల్ని తయారు చేయడం

బైబిల్లో దినవృత్తాంతముల మొదటి గ్రంథం 25వ అధ్యాయంలో యెహోవాకు పాటలు పాడటం నేర్చుకున్న ప్రవీణులు 288 మంది అని లెక్క ఉంది. గురువు, శిష్యుడు, చిన్న, పెద్ద తేడా లేకుండా అందరూ ఒకే విధంగా సేవ వంతుల కోసం చీట్లు వేసుకున్నారు. నేర్పేవాడూ నేర్చుకునేవాడూ ఒకే వంతులో సేవ చేసే ఆ పద్ధతి మన క్వయర్‌కూ కావాలి.

పది పన్నెండేళ్ల పిల్లలతో మొదలుపెట్టొచ్చు. మొదటి నెల వాద్యం ఇవ్వకండి. పాడుతూ తాళం తప్పకుండా వేయగలిగితే అప్పుడు ఇవ్వండి. తాళం నిలవని పిల్లవాడికి కీబోర్డ్ ఇస్తే వేళ్లు నేర్చుకుంటాయి, పాట మాత్రం నిలవదు. రెండో నెల మూడు కార్డ్స్ (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) నేర్పండి, పేర్లతో కాకుండా అంకెలతో: ఒకటి, నాలుగు, ఐదు. జి లో అవి జి, సి, డి. డి మైనర్‌లో డి మైనర్, జి మైనర్, ఎ. అంకెలు తెలిసిన పిల్లవాడు స్కేల్ మారినా బెదరడు, ట్రాన్స్‌పోజ్ బటన్ కోసం వెతకడు. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి కార్డ్స్ మార్పించండి. నాలుగుసార్లు వరసగా తప్పు లేకుండా వస్తే మెట్రోనోమ్‌ను నాలుగు దెబ్బలు పెంచండి. రోజుకు ఇరవై నిమిషాల సాధన, వారానికోసారి చేసే రెండు గంటలకంటే ఎక్కువ ఫలితమిస్తుంది. మూడో నెలలో ఆదివారం పెద్దవాళ్ల పక్కన కూర్చోబెట్టి ఒకే ఒక్క పాట ఇవ్వండి, అదీ సంఘానికి బాగా వచ్చిన పాట. పిల్లవాడు ఎక్కడైనా తప్పినా సంఘం పాట నిలబెడుతుంది.

తప్పు జరిగినప్పుడు మైకులో గానీ, చూపుతో గానీ, ఆరాధన ముగిసిన వెంటనే గానీ సరిదిద్దకండి. జనం మధ్య వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తే చాలు, ఆ పిల్లవాడు మళ్లీ రాకపోవచ్చు. శనివారం సాధనలో, విడిగా, "మూడో చరణంలో ఐదు దగ్గర తొందరపడ్డావు, ఇంకోసారి చూద్దాం" అని ఎక్కడ తప్పిందో కచ్చితంగా చెప్పండి.

సాధన గది తలుపు తెరిచే ఉండాలి, ఇద్దరు పెద్దలు ఉండాలి. ఫోన్‌లో మాటలన్నీ తల్లిదండ్రులు కూడా ఉన్న గ్రూపులోనే. ఎంత నమ్మకమైన అన్నయ్యకైనా అక్కకైనా ఇది వర్తిస్తుంది. పది, ఇంటర్ పరీక్షల ముందు రెండు నెలలు వాళ్ల పేర్లు వంతుల పట్టికలోంచి తీసేసి, ఆ సంగతి మీరే ఇంటికి వెళ్లి చెప్పండి. చదువు పాడవుతుందన్న భయం పోతే పరీక్షలయ్యాక తల్లే పంపిస్తుంది.

ఏడాది నిలకడగా వచ్చినవాళ్లకు ఒక ఆదివారం పూర్తిగా అప్పగించండి, పాటల ఎంపికతో సహా. ఆ రోజు మీరు వేదిక మీద ఉండకండి, పక్కన నిలబడి సైగలు చేయకండి. నాలుగో వరుసలో కూర్చుని గొంతెత్తి పాడండి.