చిన్న పెట్రోల్ క్రాసోవర్ కొనే ముందు ఇంట్లో వాళ్లందర్నీ ఎక్కించి చూడండి

మా అత్తకు రెండు మోకాళ్లూ అరిగిపోయినాయి. పాత కారులో కూర్చునేటప్పుడు వీపు సీటువైపు తిప్పి, తలుపు పట్టుకుని, ఒక్కసారిగా సీట్లో పడేది. దిగడం ఇంకా కష్టం. నేను రెండు చేతులూ పట్టి లాగితే గానీ లేచేది కాదు. పోయిన సంక్రాంతికి ఊళ్లో దిగంగానే, "నన్ను ఇంక కార్లో తీసుకురావద్దు పాపా, బస్సే మేలు" అనింది. కొత్త బండి ఆలోచన ఆ రోజే మొదలైంది. ఆ తర్వాత నాలుగు నెలలు తిరిగి, కొలిచి, అడిగి నేర్చుకున్నది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మేం తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటాం. నేను చంద్రగిరి దగ్గర బడిలో పాఠాలు చెప్తాను. మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్త, నేను, మొత్తం ఐదుగురం. బడికి పోను రాను 30 కిలోమీటర్లు. వారానికోసారి ఐరాల పక్కన ఉన్న మా ఊరు. అత్తను చూపించేదానికి అప్పుడప్పుడు వేలూరు. మీరు కూడా మొదట ఇట్లా రాసుకోండి: ఎవరెవరు ఎక్కుతారు, ఏ దారిలో, నెలకు ఎన్ని కిలోమీటర్లు. మా లెక్క 1,500 తేలింది. లీటరుకు 15 ఇచ్చినా 100 లీటర్లు, అంటే దగ్గర దగ్గర 11 వేల రూపాయలు. ఈ మాత్రం తిరుగుడుకు డీజిల్ అక్కర్లేదు. పైగా బీఎస్6 (ఇప్పటి పొగ నిబంధనల) డీజిల్ బండ్లకు పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. రోజూ ఊళ్లోనే కొంచెం కొంచెం దూరాలు నడిపితే అది పూడుకుపోతుంది, అప్పుడప్పుడు హైవే మీద వేగంగా తిప్పాలి. సీఎన్‌జీ ఖర్చు తక్కువే గానీ ఘాటులో, అంటే కొండదారిలో, పెట్రోల్ అంత లాగదు. అందుకని మేం పెట్రోల్‌కే నిలబడినాం.

క్రాసోవర్ అంటే కొండలూ గుట్టలూ ఎక్కే జీపు కాదు. చిన్న కారు పునాది మీదనే ఒళ్లు కొంచెం ఎత్తుగా, సీటు కొంచెం పైకి కట్టిన బండి. మారుతి ఫ్రాంక్స్ బలేనో పునాది మీద వచ్చిందే. ఇంజన్ ముందు చక్రాలనే తిప్పుతుంది. మన ఇళ్లకు కావాల్సింది కూడా ఆ ఎత్తు మాత్రమే.

డబ్బుల విషయంలో ఒక్క గీత గుర్తుపెట్టుకోండి: పొడవు 4 మీటర్లు, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ. ఈ రెండూ దాటని కారుకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతం. ఏ ఒక్కటి దాటినా 40 శాతం. మారుతి బ్రెజా పొడవు 4 మీటర్ల లోపలే, కానీ ఇంజన్ 1462 సీసీ కాబట్టి పెద్ద పన్ను పడుతుంది. టాటా పంచ్, హ్యుందాయ్ ఎక్స్‌టర్, మారుతి ఫ్రాంక్స్, నిస్సాన్ మాగ్నైట్, రెనో కైగర్, స్కోడా కైలాక్ పెట్రోల్ బండ్లన్నీ గీతకు ఇవతలే ఉన్నాయి. మేం చూసింది ఇందులోనే.

ఇప్పుడు అసలు పని. షోరూంకు పోయేటప్పుడు నేను సంచిలో టైలర్ టేపు పెట్టుకుని పోయినాను. ఇంట్లో అత్త సాయం లేకుండా కూర్చుని లేచే మంచం ఎత్తు ముందే కొలిచిపెట్టుకున్నా, 24 అంగుళాలు. మా పాత కారు సీటు నేల నుంచి 20. ఆ నాలుగు అంగుళాల కోసమే ఆమె అన్నేళ్లు బాధపడింది. షోరూంలో ఒక్కో బండి దగ్గర మూడు చోట్ల కొలిచినాను: సీటు ఎత్తు, తలుపు కింద గడప ఎత్తు, ఆ గడప అంచు నుంచి సీటు దాకా వెడల్పు. మూడోది ఎవరూ చూడరు. గడప వెడల్పుగా ఉంటే కూర్చున్నాక కాలు ఎత్తి లోపలికి తెచ్చుకోవాలి, మోకాలు వంగనివాళ్లకు అక్కడే ప్రాణం పోతుంది. మరీ ఎత్తయినా కష్టమే. ఒక బండిలో సీటు 27 అంగుళాలు వచ్చింది, అత్త కాళ్లు నేలకు ఆనలేదు, జారి దిగాల్సొచ్చింది. పంచ్ తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. ఆమె పక్కన నేను నిలబడి చెయ్యి అందించేదానికి చోటు దొరికింది. తలుపు పూర్తిగా తెరిచినప్పుడు మీ ఇంటి పార్కింగులో గోడకు తగలదు కదా అని కూడా చూసుకోండి.

ఆ తర్వాత డిక్కీ. బ్రోచర్‌లో ఎక్స్‌టర్‌కు 391 లీటర్లు, పంచ్‌కు 366, ఫ్రాంక్స్‌కు 308 అని ఉంటాయి. లీటర్లలో మనకేమీ అర్థం కాదు. మేం అత్త వాకర్‌ను, ఎండాకాలం ఊరినుంచి మామిడికాయలు తెచ్చే ప్లాస్టిక్ క్రేటును షోరూంకు మోసుకుపోయి లోపల పెట్టి చూసినాం. ఒక బండిలో రెండూ పడతాయి గానీ డిక్కీ అంచు ఎత్తుగా ఉంది, నిండు క్రేటు నడుము దాకా ఎత్తి దించాలి. కాయల సీజన్లో వారం వారం ఆ పని ఎవరు చేస్తారు? మీ ఇంట్లో మోసేది ఏదైతే, బియ్యం మూట గానీ చంటిబిడ్డ బండి గానీ, దాన్నే తీసుకుపోండి. నవ్వుతారేమో అని మొహమాటపడకండి.

టెస్ట్ డ్రైవ్ అంటే షోరూం వాళ్లు బైపాస్ రోడ్డులో ఒక చుట్టు తిప్పి తెస్తారు, ఒక్కరే కూర్చుంటే ఏ బండైనా బాగానే పోతుంది. నేను బండిని మా అపార్ట్‌మెంటుకు తెప్పించినాను. మా సెల్లార్ ర్యాంపు బాగా నిటారు. ఐదుగురం ఎక్కి, ఏసీ పెట్టి, ర్యాంపు మధ్యలో ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, మళ్లీ కదిలించినాను. ఒక ఏఎంటీ బండి (క్లచ్ తొక్కే పని లేకుండా గేర్లు తనే మార్చుకునేది) బ్రేకు వదలంగానే అరచేతి వెడల్పు వెనక్కి జారి, గేరు పట్టుకునేదానికి ఒక్క క్షణం ఆలోచించి కదిలింది. వెనక సీట్లో పిల్లలు గమ్మున ఉండిపోయినారు. ఏఎంటీ చెడ్డదని కాదు, ఊళ్లో ట్రాఫిక్కుకు తక్కువ ఖర్చులో ఎడమకాలికి విశ్రాంతి. అయితే ఎత్తులో బ్రేకు వదిలినా వెంటనే వెనక్కి జారనివ్వని హిల్ హోల్డ్ ఉన్న వేరియంటే తీసుకోండి. సీవీటీ, టార్క్ కన్వర్టర్ అనే వేరే రకం ఆటోమేటిక్‌లు మెత్తగా కదులుతాయి, ధర పెరుగుతుంది. అదే ర్యాంపు పైకొచ్చేచోట బండి కడుపు నేలకు గీసుకుంటుందా అని మా ఆయన కిందికి వంగి చూసినాడు. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి కడుపుకూ మధ్య ఖాళీ, ఫ్రాంక్స్‌కు 190 మిల్లీమీటర్లు, మాగ్నైట్, కైగర్‌లకు 205 అని చెప్తారు. ఆ కొలత ఖాళీ బండిదా, మనుషులతో నిండినదా అని అడగండి. ఐదుగురు ఎక్కితే ఎంత దిగుతుందో మీ కళ్లతో చూడండి. మా ఊరి స్పీడ్‌బ్రేకర్లు ఏ కొలతకూ లొంగవు.

ఘాటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో దాన్ని తప్పించుకోలేం. తిరుమల, భాకరాపేట, బెంగళూరు పోతే మొగిలి. తిరుమలకు రెండో ఘాటులో ఎక్కుతాం, 1944లో తెరిచిన మొదటి ఘాటులో దిగుతాం. పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాల కంటే ముందు చేరకూడదని నిబంధన ఉంది, కాబట్టి అక్కడ వేగం కోసమని పెద్ద ఇంజన్ అక్కర్లేదు. మామూలు 1.2 లీటర్ల ఇంజన్ ఐదుగురితో రెండో గేరులో నిదానంగా, కొంచెం గట్టిగా అరుస్తా ఎక్కుతుంది, ఆగదు. గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో ఇంజన్ అయితే నిదానంగా తిరిగేటప్పుడే బాగా లాగుతుంది, మొగిలిలో లారీని దాటేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. వారం వారం బెంగళూరు తిరిగేవాళ్లయితే టర్బోకు డబ్బు పెట్టండి. మాలాంటి వాళ్లకు మామూలుదే చాలు. మూడు సిలిండర్ల ఇంజన్లు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీట్లో కొంచెం వణుకు తెలుస్తుంది, అది మీకు పడుతుందో లేదో కూర్చుని తేల్చుకోండి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కినారో అదే గేరులో దిగండి, బ్రేకు ఊరికే తొక్కి పెట్టకండి, వేడెక్కితే పట్టు పోతుంది. ఆటోమేటిక్ కొంటే చేత్తో గేరు కింద పెట్టుకునే వీలు ఉందా అని ముందే చూడండి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అంటారు, తిరుపతిలో మే నెల చూసినవాళ్లకు అది మాట వరసకు అన్నది కాదని తెలుసు. అందుకని సన్‌రూఫ్‌కు పెట్టే డబ్బును వెనక సీటుకు గాలి ఇచ్చే ఏసీ వెంట్లకు పెట్టండి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎండలో అరగంట ఆపిన బండినే టెస్టుకు అడగండి, ఏసీ ఎంతసేపటికి వెనక సీటుకు చేరుతుందో గడియారం పెట్టి చూడండి.

భద్రతలో నేను బేరం ఆడలేదు. ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారిపోకుండా అదుపులో ఉంచే ఈఎస్‌సీ, నడిమి సీటుకు కూడా మూడు చోట్ల బిగిసే బెల్టు, పిల్లల సీటుకు ఐసోఫిక్స్ కొక్కేలు. ఇవి ఏ వేరియంట్ నుంచి మొదలవుతాయో కాగితం మీద రాయించుకోండి. మన దేశంలో 2023 అక్టోబర్ 1 నుంచి భారత్ ఎన్‌క్యాప్ (కారును గుద్దించి భద్రత చూసే) పరీక్షలు జరుగుతున్నాయి, పెద్దవాళ్లకు ఒక రేటింగు, పిల్లలకు వేరే రేటింగు ఇస్తారు. రెండోది కూడా చూడండి. పంచ్‌కు 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే అలాంటి విదేశీ పరీక్షలో పెద్దవాళ్లకు 5 నక్షత్రాలు, పిల్లలకు 4 వచ్చినాయి. అన్నీ కలిపి మేం పంచ్ మాన్యువల్‌కే వచ్చినాం. మీ అత్త మోకాళ్లు, మీ సెల్లార్ వేరు కాబట్టి మీకు వేరే బండి తేలొచ్చు.

కొటేషన్ తీసుకున్నాక ఒక్కో గీత మీద వేలు పెట్టి చదవండి. మేం తిరిగిన ఒకచోట "హ్యాండ్లింగ్ ఛార్జీలు" అని కొన్ని వేలు కలిపినారు. ఇదేమని అడిగితే అందరూ కడతారు మేడం అన్నారు. లేచి వచ్చేసినాను. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలని ఏమీ లేదు, కొత్త కారుకు థర్డ్ పార్టీ మూడేళ్లకు తప్పనిసరి, మిగతాది ఎక్కడ తక్కువైతే అక్కడ. డెలివరీకి ముందు పగటి వెలుతురులో బండి చూడండి: కంపెనీ ఇచ్చే ఫారం 22 సర్టిఫికెట్‌లో బండి తయారైన నెల, టైర్ల మీద ముద్రించిన, అవి తయారైన వారం, స్టెప్నీ, జాకీ.

పూజకు కాణిపాకం పోయినాం. నిమ్మకాయలు తొక్కించి, అక్కడినుంచి నేరుగా ఊరికి. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజన్‌ను గట్టిగా లాగించకూడదు, నిండు బరువుతో ఘాటు ఎక్కించకపోవడం మంచిది. అందుకని అత్త ఎంత అడిగినా తిరుమలకు మాత్రం మొదటి సర్వీసు అయినాకే తీసుకుపోయినాను.